కుక్కల డబ్బా అక్క దగ్గర ఐదు నెలలు

ఫోన్ ఎత్తగానే నేనడిగింది ఒక్కటే. "అమ్మా, మీ డబ్బాలో కాల్షియం ఎందులోంచి వస్తుంది?"

"గుడ్డు పెంకుల పొడి ఆంటీ. మీ కుక్క బరువెంతో చెప్పండి, రోజుకు ఎన్ని గ్రాములు పడుతుందో చెప్తాను" అంది అవతలి గొంతు.

అంతకుముందు ఇదే ప్రశ్న ఇంకో ఇద్దరిని అడిగాను. వాళ్ళూ కుక్కలకు ఇంటి భోజనం వండి పంపేవాళ్ళే. ఒకరు "చికెన్‌లో ఉంటుంది కదా మేడమ్" అన్నారు. కోడి కండలో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్సే ఎక్కువ. ఇంకొకరి దగ్గర వారానికి డబ్బు కట్టి తీసుకున్నాను కూడా. మూడో రోజు మూత తీస్తే అల్లం వెల్లుల్లి వాసన గుప్పుమంది. అడిగితే "రుచి కోసం కొంచెమే వేస్తాం, ఏం కాదు" అన్నారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. వాటి సంగతి తెలియనివాళ్ళు కుక్కలకు వంట చేసి అమ్మకూడదు. ఆ డబ్బా పారబోశాను, మిగతా నాలుగు రోజుల డబ్బులు వదిలేసుకున్నాను.

ఫోన్‌లో గుడ్డు పెంకుల మాట చెప్పిన అమ్మాయి హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో ఉంటుంది. తన సంగతి మా పార్కులో పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్ళు చెప్పారు. బోర్డు లేదు, కంపెనీ పేరు లేదు. సఫిల్‌గూడ నుంచి సైనిక్‌పురి దాకా తెలిసినవాళ్ళందరూ 'కుక్కల డబ్బా అక్క' అనే అంటారు. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టాం. మా కుక్క మల్లి ఐదు నెలలు తిన్నాక రాస్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ తెలిసే రాస్తున్నాను.

కాల్షియం గురించి నేనెందుకంత పట్టుబడతానో చెప్పాలి. 2003లో మా ఇంట్లో సింబా ఉండేవాడు. లాబ్రడార్ పిల్ల, రెండు నెలలప్పుడు తెచ్చుకున్నాం. నేను రైల్వేలో చేసేదాన్ని, మా వారిదీ ఉద్యోగమే. వాడికి ఏ లోటూ రాకూడదని ఎముక లేని చికెనూ కార్జమూ ఉడికించి, పైన గుప్పెడు అన్నం కలిపి పెట్టేవాళ్ళం. గొంతులో గుచ్చుకుంటుందన్న భయంతో ఒక్క ఎముక ముక్క వేయలేదు. ఉడికిన ఎముకలు పెట్టకపోవడం సరైనదే, అవి చీలికలై పేగుల్ని చీలుస్తాయి. కానీ ఎముక మానేసినప్పుడు దాని బదులు ఇంకేదో వేయాలని మాకెవరూ చెప్పలేదు. అయిదో నెలలో వాడి ముందుకాళ్ళు వంకర తిరగడం మొదలైంది. ఒకరోజు దివాన్ మీంచి దూకి, అరిచి, అక్కడే కూలబడిపోయాడు. వెనక కాలు విరిగింది. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి డాక్టరు, "ఎముక కాగితంలా ఉందమ్మా, ఏం పెడుతున్నారు?" అనడిగారు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం చాలకపోతే, రక్తంలో కాల్షియం పడిపోకుండా ఒళ్ళు తన ఎముకల్లోంచే తోడుకుంటుందట. ఎదిగే పిల్లలకైతే నెలల్లోనే ఎముకలు గుల్లవుతాయి. కాలు అతికింది కానీ సింబా బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. నా చేత్తో వండి, ఊది చల్లార్చి పెట్టిన తిండే వాడికి ఆ పని చేసింది. ఆ బాధ నాకు పోలేదు.

మల్లి 2019లో వచ్చింది. మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర వర్షంలో దొరికిన వీధి కుక్క పిల్ల. సింబా అనుభవంతో మొదటి ఏడాది కంపెనీ డ్రై ఫుడ్డే పెట్టాం. పెద్దదయ్యాక మెల్లగా ఇంటి తిండికి జారిపోయాం. పొద్దున పెరుగన్నం, రాత్రి నూకలు ఉడికించి అందులో కాస్త చికెన్. నూకలు మా ఇంట్లోనే కాదు, ఈ పేటలో కుక్కలున్న ప్రతి ఇంట్లో కిలోల లెక్కన వస్తాయి. చికెన్ కొట్టు అబ్బాయి కూడా నన్ను చూడగానే "కుక్కకేనా అమ్మా, వేస్టేజ్ కట్టాల్నా?" అనేవాడు. పోయిన ఏడాదికి మల్లి బొచ్చు మెరుపు పోయి, వీపు మీద పొట్టు రాలడం మొదలైంది. బరువు మాత్రం 19.6 కిలోలకు పోయింది. మా డాక్టరు తిండి వివరాలన్నీ అడిగి రాసుకుని, కడుపు నిండుతోంది కానీ ఒంటికి కావలసినవి అందడం లేదన్నారు. జింక్, విటమిన్ ఇ, విటమిన్ డి, అయోడిన్, కాల్షియం ఇవన్నీ అన్నం చికెన్‌లో తక్కువే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు 2013లో కుక్కల ఇంటి వంటలు 200 తీసుకుని లెక్క కడితే, 95 శాతం వంటల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం చాలలేదని కూడా ఆయనే చెప్పారు. వాటిలో పశువైద్యులు రాసిన వంటలూ ఉన్నాయి.

మా ఆడపడుచు ఇది విని ఊరుకోలేదు. "వదినా, మన ఊళ్ళో కుక్కలు గంజీ అన్నం తిని బతకలేదా?" అంది. బతికాయి. అన్నం అరిగించుకునే శక్తి కుక్కకు తోడేలు కంటే చాలా ఎక్కువ. మనుషుల దగ్గర చేరాక పిండిపదార్థం జీర్ణం చేసే జన్యువు వాటిలో ఎన్నో రెట్లు పెరిగిందని 2013లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి అన్నం తప్పు కాదు. కానీ ఊళ్ళో కుక్క గంజితో ఆగదు. దిబ్బ మీద ఎముక కొరుకుతుంది, ఎలుకను పడుతుంది, గుడ్డు దొంగిలిస్తుంది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే మల్లికి మేం గిన్నెలో వేసిందే ప్రపంచం. అందులో లేనిది దానికి ఎక్కడా దొరకదు.

ఆర్డర్ ఇచ్చేముందు వంటగది చూస్తానన్నాను. "పొద్దున ఐదున్నరకు రండి ఆంటీ, అప్పుడే వండుతా" అంది. ఆ చలిలో మా వారి స్కూటర్ మీద వెళ్ళాం. రెండు గదుల వాటా, వెనక రేకుల షెడ్డులో వంట. పెద్ద కుక్కర్లు రెండు, స్టీలు బేసిన్లు, ఒక్క గ్రాము తేడా కూడా చూపించే తూకం మెషిన్. ఇడ్లీ పాత్రలో తియ్యగుమ్మడి ముక్కలు, బీన్స్ ఆవిరి మీద ఉడుకుతున్నాయి. కూరగాయలు మెత్తగా ఉడికించి మెదిపితేనే కుక్కకు ఒంటబడతాయని, ముక్కలుగా వేస్తే ఎలా పోయాయో అలాగే బయటికి వస్తాయని చెప్పింది. కోడి తొడ మాంసం తోలు తీసి విడిగా ఉడికిస్తుంది. ఆ నీళ్ళు పారబోయకుండా అన్నంలో కలుపుతుంది. ఉప్పు, కారం, మసాలా ఏవీ షెడ్డులోకే రావు. ఇంట్లోవాళ్ళ వంట లోపలి గదిలో వేరే పొయ్యి మీద.

పెంకులు పక్క వీధి బేకరీ నుంచి తెచ్చుకుంటుంది. కడిగి, పది నిమిషాలు మరిగించి, ఓవెన్‌లో ఆరబెట్టి, మిక్సీలో పట్టి, మైదా జల్లెడ పడుతుంది. నాకు వేలి మీద వేసి చూపించింది, విభూతిలా మెత్తగా ఉంది. గరుకుగా ఉంటే సరిగా ఒంటబట్టదట. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అందులో నూటికి నలభై వంతులు కాల్షియం. లెక్క కట్టడానికి ఇంతకంటే సులువైన దినుసు లేదంది.

గోడకు ఒక రూళ్ళ నోటుబుక్కు వేలాడుతుంటుంది. ప్రతి కుక్కకూ ఒక పేజీ, పేజీకి డాక్టరు చీటీ జెరాక్స్ పిన్ చేసి ఉంది. చీటీ లేకుండా ఆ అమ్మాయి వండదు. పక్కనే నలిగిపోయిన ప్రింటౌట్ల కట్ట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలవి. మనం తినే 528 పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో అందులో ఉంటుంది. నేను ముప్పై ఏళ్ళు ఆ గేటు ముందు నుంచి బస్సులో ఆఫీసుకు వెళ్ళాను కానీ లోపల చేసే పని ఒకనాడు మా మల్లికి పనికొస్తుందనుకోలేదు. "మనుషుల కోసం రాసిందే ఆంటీ. కానీ కోడి తొడలో జింక్ ఎవరు తిన్నా అంతే ఉంటుంది కదా. ఎంత కావాలన్నది మాత్రం కుక్కల లెక్క చూసుకోవాలి" అంది. హోమ్ సైన్స్ చదివిందట. మాటలో ఆ చదువు తెలుస్తుంది.

నేను అక్కడుండగానే ఒక ఫోన్ వచ్చింది. ఎవరో నాలుగు నెలల గ్రేట్ డేన్ పిల్లకు డబ్బా కావాలన్నారు. "ఏడాదిన్నర నిండేదాకా పెద్ద జాతి పిల్లలకు నేను వండను అన్నా. వాటికి కాల్షియం తగ్గినా ముప్పే, ఎక్కువైనా ముప్పే. పిల్లల కోసం చేసిన మంచి డ్రై ఫుడ్ పెట్టండి, డాక్టర్‌ను అడగండి" అని పెట్టేసింది. వచ్చే డబ్బును కాదని చెప్పిన ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. 2003లో మాకు ఇలా చెప్పే మనిషి ఒక్కరుంటే సింబా కాలు దక్కేది.

మల్లి లెక్క ఇది. ఉండాల్సిన బరువు 18 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క, పొద్దునా సాయంత్రం నడక తప్ప పెద్ద పరుగుల్లేవు, కాస్త తగ్గాలి కూడా. డాక్టరు రోజుకు 860 కేలరీలు రాశారు. దానికి పచ్చి తూకంలో తొడ మాంసం 250 గ్రాములు, బియ్యం 100, గుడ్డు ఒకటి, సార్డిన్ చేప ముల్లు తీసి 30, గుమ్మడి బీన్స్ కలిపి 100, కార్జం 15, నూనె ఒక చెంచా, పెంకు పొడి రెండున్నర గ్రాములు. చల్లారాక డాక్టరు రాసిన విటమిన్ల పొడి. కార్జం పదిహేను గ్రాములేనా అని నేను ఆశ్చర్యపోయాను, సింబాకు గిన్నెడు పెట్టినదాన్ని. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, రోజూ గుప్పెళ్ళు పెడితే అదే రోగమవుతుందట. ఈ అంకెలు మల్లివి, దయచేసి ఎవరూ తీసుకెళ్ళి మీ కుక్కకు వాడకండి. పది కిలోల కుక్కకు ఇందులో సగమే అనుకుంటే అదీ తప్పే, తిండి లెక్క బరువుతో సమానంగా పెరగదు, తగ్గదు.

ఉడికాక అంతా కలిపి సుమారు 660 గ్రాములు, రెండు డబ్బాలు. మొదటి నెల నేను ప్రతి డబ్బానూ తూచాను. 325, 334, 331. పది గ్రాములకు మించి తేడా ఒక్కసారీ రాలేదు. ఇంట్లో వండేవాళ్ళం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వంద గ్రాముల బియ్యం ఉడికితే దాదాపు మూడింతలవుతుంది, మాంసమేమో నీరు పోయి పావు వంతు తగ్గుతుంది. పచ్చి తూకమా ఉడికిన తూకమా రాసుకోకపోతే కుక్క నెల తిరిగేసరికి లావెక్కుతుంది.

మార్చడం పది రోజులు పట్టింది. పాత తిండిలో పావు వంతు కొత్తది, తర్వాత సగం, అలా. నాలుగో రోజు విరేచనాలయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, "ముందు వంతుకే వెనక్కి వెళ్ళండి ఆంటీ, రెండు రోజులు అక్కడే ఆగండి, రక్తం కనబడితే మాత్రం నన్నడక్కుండా ఆస్పత్రికి వెళ్ళండి" అంది. ఆగాం, తగ్గింది.

ఇప్పుడు మల్లి 18.2 కిలోలు. పొట్టు రాలడం రెండో నెల చివరికి దాదాపు పోయింది. వీపు మీద చెయ్యి వేస్తే మునుపటి గరుకు లేదు. పొద్దున పార్కులో నేను కవరుతో ఎత్తేది సగానికి తగ్గింది, గట్టిగా, శుభ్రంగా ఉంటోంది. కుక్కలున్నవాళ్ళకు దీని విలువ తెలుసు. ఏప్రిల్‌లో రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ సరిగ్గానే ఉన్నాయి. నేను సంతోషపడబోతే డాక్టరు ఆపారు. రక్తంలో కాల్షియం సరిగ్గా ఉందని తిండి సరిగ్గా ఉందనుకోవద్దమ్మా, తిండిలో చాలకపోయినా ఒళ్ళు ఎముకల్లోంచి తెచ్చి రక్తానికి సర్దుతూనే ఉంటుంది, నమ్మాల్సింది తూకాన్నే అన్నారు. సింబా రక్తం కూడా అలాగే బాగుందని వచ్చి ఉండేదేమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇక లోపాలు. ఏప్రిల్ చివర్లో ఒకరోజు ఎనిమిదికి రావాల్సిన డబ్బా పదకొండున్నరకు వచ్చింది. బయట నలభై డిగ్రీల ఎండ. డబ్బాతో వచ్చే ఐస్ ప్యాకెట్ నీళ్ళయిపోయింది. "మీ లిఫ్ట్ పనిచేస్తలేదు ఆంటీ, పైగా బండి పంక్చరైంది" అన్నాడు డెలివరీ అబ్బాయి. మూత తీస్తే పులిసిన వాసన. అంత ఎండలో వండిన మాంసం గంట బయట ఉన్నా నేను నమ్మను. ఆ రోజు డబ్బు తిరిగి ఇచ్చింది, ఆ సాయంత్రమే వేరే డబ్బా తనే తెచ్చి ఇచ్చింది. అప్పట్నుంచి ఎండలు తగ్గేదాకా ముందురోజు గడ్డకట్టించినవి పంపుతోంది. అయినా డెలివరీకి ఒక్క అబ్బాయే ఉండటం ఈ సేవకు పెద్ద బలహీనత. వాడికి జ్వరమొస్తే అందరి కుక్కలూ ఎదురుచూడాలి. మా మల్లికి ఇప్పుడు ఫ్రీజర్‌లో రెండు రోజులవి ఎప్పుడూ ఉంచుతున్నాను. కొత్తగా చేరేవాళ్ళు మొదటి రోజు నుంచే అలా చేయండి.

దానికంటే నన్ను ఎక్కువ నొప్పించింది ఫిబ్రవరిలో జరిగింది. రాంనగర్ చేపల మార్కెట్‌లో వరసగా పది రోజులు మంచి సార్డిన్ దొరకలేదట. చేప బదులు చికెన్ వేసి పంపింది, చెప్పలేదు. వాసన లేకపోవడంతో నాకు అనుమానమొచ్చి అడిగాను. పది రోజులు చేప లేకపోతే మల్లికి ఏమీ కాదని నాకూ తెలుసు. కానీ నేను డబ్బు కడుతున్నది చికెన్‌కు కాదు, ఆ చీటీకి. చీటీ మారితే నాకు తెలియాలి. ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే. ఆ అమ్మాయి వెంటనే "తప్పే ఆంటీ" అంది, సాకు చెప్పలేదు.

ప్లాస్టిక్ డబ్బాలు నాకు నచ్చవు. స్టీలు డబ్బాలు మేమే ఇస్తామన్నా తీసుకోలేదు, ఇళ్ళ మధ్య కలిసిపోతాయంది. ఆదివారం డెలివరీ లేదు. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్ళింది కానీ వారం ముందే చెప్పి, గడ్డకట్టిన డబ్బాలు ఇచ్చి వెళ్ళింది.

ధర మాకు రోజుకు 190 రూపాయలు, నెలకు 5,700. నేనే ఇదే చీటీ ప్రకారం వండినప్పుడు రోజుకు 120 దాకా అయింది, అది చికెన్ ధరను బట్టి మారుతుంది. మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర గంట నిలబడలేను కాబట్టి నాకు ఆ 70 రూపాయలు బరువనిపించవు. ఓపిక ఉన్నవాళ్ళు డాక్టరుతో చీటీ రాయించుకుని, ఒక తూకం మెషిన్ కొనుక్కుని ఇంట్లోనే వండుకోవచ్చు. ఆ అమ్మాయే అలా చెప్తుంది, పెంకు పొడి ఎలా చేయాలో చూపిస్తుంది కూడా. రెండూ కుదరనివాళ్ళు మంచి డ్రై ఫుడ్ పెట్టండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెరుగన్నంతో సరిపెట్టడం కంటే అది ఎన్నో రెట్లు మేలు. కిడ్నీ జబ్బు, పాంక్రియాస్ జబ్బు ఉన్న కుక్కలకు ప్రత్యేకంగా ఆ జబ్బుకు రాసిన చీటీ తెస్తేనే వండుతుంది, కాబట్టి ముందు ఆస్పత్రికి వెళ్ళి తర్వాత ఫోన్ చేయండి.

చేరాలనుకుంటే సాయంత్రం ఆరులోపు చెప్పాలి, మర్నాటి సరుకు అప్పుడే తూచి పెట్టుకుంటుంది. ఇప్పుడు ముప్పై కుక్కలకు వండుతోంది, ఇంకా నాలుగైదింటికి మించి తీసుకోనంటోంది.

ఫిబ్రవరి గొడవ తర్వాత డబ్బా మూత మీద ఒక తెల్ల చీటీ అంటిస్తోంది. కుక్క పేరు, వండిన తేదీ, బరువు, ఆ రోజు డాక్టరు చీటీలోంచి ఏదైనా మారితే అది. ఈ పొద్దున వచ్చినదాని మీద నీలం పెన్నుతో ఇలా ఉంది: "మల్లి. 18.2. ఈ రోజు బీన్స్ లేవు, సొరకాయ వేశాను. చేప ఉంది."